గాల్లో గంట, నేల మీద పూట

మొన్న విజయవాడ భవానీపురంలో నిశ్చితార్థం. మా బావమరిది బస్సెక్కుతానన్నాడు. నేను విమానం టికెట్ తీశాను. ప్రయాణ సమయం గంటా అయిదు నిమిషాలని టికెట్ మీద అచ్చేసి ఉంది మరి.

మా ఇల్లు వనస్థలిపురం. గడప దాటితే విజయవాడ హైవే. వాడు ఉదయం ఆరున్నరకి అక్కడే బస్సెక్కాడు. అదే ఆరున్నరకి నేను తూర్పు తిరిగి దండం పెట్టుకుని, పడమటి దిక్కున శంషాబాద్‌కి క్యాబెక్కాను.

బేగంపేట విమానాశ్రయం ఊరి నడుమ ఉండేది. 2008 మార్చి 23న విమానాలన్నీ శంషాబాద్‌కి మకాం మార్చాయి. అక్కడి రన్‌వే 4,260 మీటర్లు. ఏనుగులాంటి ఏ380 కూడా దర్జాగా దిగొచ్చు. మా విజయవాడ విమానం ఏటీఆర్, రెండు పంకాల పిచ్చుక. విమానాశ్రయం వచ్చిన మరుసటి ఏడాదికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. విమానాశ్రయానికి మెట్రో సంగతంటారా, 2022 డిసెంబరు 9న రాయదుర్గంలో రాయి పడింది. ప్రభుత్వం మారింది, దారి నాగోలు వైపు మళ్లింది. అంటే కాగితం మీద మెట్రో ఇప్పుడు మా ఎల్బీనగర్ మీదుగానే పోతోంది. క్యాబ్ డ్రైవరుకి ఇంకా ఆ కాగితం అందినట్టు లేదు.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"బావా, సూర్యాపేటలో దిగా. ఇడ్లీ వేడిగా ఉంది. ఎగిరారా?"

"లేదురా, బెల్టు విప్పుతున్నా."

ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో ట్రే పట్టుకున్నవాడు ఇంతకంటే ఏం మాట్లాడతాడు? నా మంచినీళ్ల సీసా అప్పటికే చెత్తబుట్టలో ఉంది.

ఈ దూరాల లెక్కలో ఇంకో విచిత్రముంది. శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల లోపు పాతికేళ్ల దాకా మరో విమానాశ్రయం రాకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. పాపం, నిజాం కాలం నాటి వరంగల్ మామునూరు విమానాశ్రయం ఆ గీత లోపల చిక్కుకుంది. 2025లో గానీ దానికి దారి తెరుచుకోలేదు. ఆ 150 గాల్లో గీసిన గీత. గాల్లో అడ్డేముంటుంది? వరంగల్ మనిషి మాత్రం సూట్‌కేసుతో నేల మీదే రావాలి కదా.

పదింబావుకి ఎగిరాం. సీటు బెల్టు దీపం ఆరిందో లేదో మళ్లీ వెలిగింది. కిటికీలోంచి కృష్ణ కనిపించింది, బ్యారేజీ కనిపించింది, కొండ మీద అమ్మవారికి దండం కూడా పెట్టుకున్నాను. విమానం మాత్రం ఆగలేదు. ఆగడానికి అదేమన్నా ఆర్టీసీ బస్సా! విజయవాడ దాటేసి గన్నవరంలో దించింది. మళ్లీ క్యాబు, మళ్లీ రామవరప్పాడు రింగు, ఊరంతా అడ్డంగా దాటి పడమటి కొసన ఉన్న భవానీపురం.

హైదరాబాద్ బస్సు ఊళ్లోకి వచ్చేది ఆ వైపు నుంచే. నేను వెళ్లేసరికి పన్నెండున్నర. తాంబూలాలు అయిపోయాయి. బావమరిది స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, రెండో లడ్డు కొరుకుతున్నాడు.

మా అత్తగారు మాత్రం నాకు ఎదురొచ్చి మంచినీళ్లిచ్చి, పక్కావిడతో గర్వంగా అన్నారు: "మా అల్లుడుగారు విమానంలో వచ్చారండీ. అందుకే కాస్త ఆలస్యమైంది."