మా రోజుల్లో ఖాళీని కూడా లెక్కపెట్టేవాళ్ళు

మా వేములలో ఇప్పుడు రాత్రి అనేదే లేకుండా పోయింది. వీధికి నాలుగు తెల్లదీపాలు, రోడ్డు మీద స్తంభానికి దీపాల గుత్తి, అరటితోటల్లో మోటారు కొట్టాలకు కూడా బల్బులు. పొద్దు గూకిందని గడియారం చూసి తెలుసుకోవాల్సిందే.

మా రోజుల్లో ఎండాకాలం వస్తే ఊరంతా మిద్దెలెక్కేది. ముగ్గురాయి గనుల నుంచి వచ్చినోళ్ళు, చేను దున్ని వచ్చినోళ్ళు, అందరూ ఈతచాపల మీద వెల్లకిలా పడుకునేవాళ్ళు. మా జేజి వేలు పెట్టి చూపేది. అదిగో ఉత్తరాన ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకుపోయే ముగ్గురు దొంగలు. ఆ దొంగల వరుస వంపు పట్టుకుని వస్తే నడినెత్తిన ఎర్రటి చుక్క, అదే స్వాతి. స్వాతి కార్తెలో నాలుగు చినుకులు పడితే బుడ్డశెనగకు పదునని పిల్లోళ్ళకు కూడా తెలుసు. అక్షరం రాని జేజికి ఆకాశమంతా తెలుసు. ఇంజనీరింగ్ చదివే నా మనవడికి స్వాతి ఏ దిక్కున ఉంటుందో తెలియదు. నా బాధంతా ఇదే.

స్వాతి మనకు 37 కాంతి సంవత్సరాల దూరం. ఆ చుక్క ఉన్న బూటీస్ నక్షత్ర మండలం దిక్కునే, దాదాపు 70 కోట్ల కాంతి సంవత్సరాల అవతల పెద్ద ఖాళీ ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే వెలుగుకు కూడా పాతిక కోట్ల ఏళ్ళ పైమాటే. అంత జాగాలో తర్వాత దొరికిన గెలాక్సీలు పదుల్లోనే. 1981లో రాబర్ట్ కిర్ష్‌నర్, ఓమ్లర్, షెక్టర్, షెక్ట్‌మన్ దాన్ని బయటపెట్టారు. వాళ్ళు ఖాళీ కోసం బయలుదేరలేదు, గెలాక్సీలను లెక్కపెడుతున్నారు. ఒక్కో గెలాక్సీ వెలుగును రంగులుగా విడదీసి, ఆ రంగుల్లోని గీతలు ఎరుపు వైపు ఎంత జరిగాయో కొలిచి, దూరం రాసుకుంటూ పోయారు. ఆకాశంలో దూరదూరంగా ఉన్న మూడు చెక్కల్లోనూ ఒకే దూరాన గెలాక్సీలు కరువయ్యాయి. దాంతో కూడా వాళ్ళు తృప్తి పడలేదు. మధ్యనున్న ఎన్నో చోట్ల మళ్ళీ వెతికి, 1987లో గట్టిగా చెప్పారు.

ఇది నాకు కొత్తగా తోచలేదు. చెనిక్కాయ విత్తిన పది రోజులకు మా నాయన సాలు సాలూ నడిచేవాడు. గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా పచ్చగానే ఉంటుంది. మొలక రాని చోటు నడిచినవాడికే తెలుస్తుంది. ఉన్నవాటిని లెక్కపెట్టనోడికి లేనిది కనపడదు.

అలాంటి ఓపిక మన నేలకూ ఉండేది. హైదరాబాదు నిజామియా వేధశాలవాళ్ళు కిందటి శతాబ్దం మొదట్లో, పలు దేశాల వేధశాలలు కలిసి ఆకాశ పటం గీస్తుంటే, తమ వంతుకు వచ్చిన భాగాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచారు. కంప్యూటరు లేదు. కన్ను, చెయ్యి, ఓర్పు, అంతే.

మొన్న మనవడు ఫోన్ తెచ్చి, "అబ్బా, మనమంతా విశ్వంలో ఒక పెద్ద గుంతలో ఉండామంట!" అన్నాడు. ఎవరు చెప్పారురా, ఎన్ని గెలాక్సీలు లెక్కపెట్టి చెప్పారని అడిగితే మాట లేదు. ఆ సంగతి నేను చెప్పాను. 2013లో కీనన్, బార్జర్, కౌవీ అనేవాళ్ళు చుట్టుపక్కల గెలాక్సీలను లెక్కపెట్టి, మనం దాదాపు 200 కోట్ల కాంతి సంవత్సరాల అడ్డం ఉన్న పలచని ప్రాంతంలో ఉన్నామన్నారు. అది నిజంగా అంత పెద్దదా, అంత పలచనా అని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. తేలని మాటను తేలినట్టు చెప్పడం ఈ కాలపు జబ్బు.

మన గడప పక్కనే ఉన్న ఖాళీ గురించి మాత్రం వాడు వినలేదు. 1987లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ దగ్గరి గెలాక్సీల పటం గీస్తే, మన పాలపుంత ఉన్న గెలాక్సీల గుంపు పొలిమేర అవతలే బీడు మొదలైందని తేలింది. అభిజిత్తు, శ్రవణం ఉన్న వైపే ఆ బీడు. మన పాలపుంత దాని నుంచి సెకనుకు 260 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది. ఆ పక్క పట్టి లాగే సరుకు లేదు, ఈ పక్కవి లాగుతున్నాయి. విశ్వం పుట్టిన కొత్తల్లో ఉన్న రవ్వంత ఎచ్చుతగ్గులే ఇంత చేశాయి. కాస్త చిక్కగా ఉన్న చోటికి సరుకంతా చేరింది, పలచని చోటు ఇంకా పలచనై విస్తరించింది.

ఇంత జ్ఞానం మా కాలానికి లేదు, ఒప్పుకుంటాను. ఇది అరచేతిలోకి వచ్చిన కాలానికి తల ఎత్తే అలవాటు పోయింది. అందుకే పెద్దలకు నా మనవి. వచ్చే ఎండాకాలం ఒక అమావాస్య రాత్రి, వీధిలో నలుగురితో మాట్లాడుకుని గంటసేపు దీపాలు ఆర్పండి. పిల్లలను మిద్దె ఎక్కించండి. స్వాతిని వాళ్ళ కళ్ళతోనే వెతకనివ్వండి. దొరికాక, దాని వెనకాల ఖాళీ సంగతి అప్పుడు చెప్పండి.