సెప్టెంబరు మామూలు

మన చదువుల్లో ఏ సబ్జెక్టు విలువ ఎంతో లెక్కగట్టినవాడు విద్యాశాఖలో లేడు. బెజవాడ బీసెంటు రోడ్డులో ఓ గిఫ్టుల కొట్లో, గల్లాపెట్టె వెనక కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి నాకు కిందటేడు సెప్టెంబరు 4 సాయంత్రం తెలిసింది.

"టీచరుగారికండీ" అన్నాను.

"తెలుసండీ. ఏం చెబుతారు?"

లెక్కలన్నాను. పై అర చూపించాడు. వెండిపూత వినాయకులు, గాజుపెట్టెలో రాధాకృష్ణులు. ఆరొందల నుంచి మొదలు. సైన్సుకి మధ్య అర. ఇంగ్లిషుకి అదే అరలో ఓ మూల. "తెలుగు మేడమ్ కూడా ఉన్నారు..." అని నసిగాను. ఆయన తల ఎత్తకుండానే కింద అట్టపెట్టెలోకి చెయ్యి పోనిచ్చి "పెన్నివ్వమంటారా?" అన్నాడు. డ్రిల్లు మాస్టారికీ, పిల్లల ముక్కు తుడిచే ఆయాకీ ఆ కొట్లో అరే లేదు.

నిజానికి నేనక్కడికి వెళ్లక్కర్లేదు. అప్పటికే మా వంతు చందా కట్టేశాం. నాలుగో తరగతి బీ సెక్షను అమ్మలందరికీ ఓ వాట్సాప్ గ్రూపుంది. వారం ముందే తలా మూడొందలన్నారు. నలభైమంది, పన్నెండు వేలు. వెండి కుంకుమభరిణె అని ఒకావిడ, మంగళగిరి చీర అని ఇంకొకావిడ. మేడమ్ ఇల్లు గుణదల వైపట, మేరీమాతని కొలిచేవాళ్లయితే కుంకుమభరిణె ఏం చేసుకుంటారని మూడో ఆవిడ. ఆ చర్చ రాత్రి పదకొండున్నర దాకా నడిచింది. చివరికి చీర ఖాయమయ్యాక, కార్డు మీద పేరు రాద్దామనుకుంటే అప్పుడు బయటపడింది: జూన్ నుంచి మన పిల్లలకి లెక్కలు చెబుతున్న ఆ మనిషి పేరేంటో నలభైమందిలో ఒక్కరికీ తెలియదు. "మ్యాథ్స్ మేడమ్ అని రాసెయ్యండి" అని తీర్మానించారు.

"ఇందులో బలవంతమేం లేదు, ఇష్టమున్నవాళ్లే వెయ్యండి" అని ఉదయం తొమ్మిదింటికి మెసేజి. తొమ్మిదిన్నరకి, డబ్బు వేసినవాళ్ల పేర్లకి పచ్చటిక్కులు కొట్టిన జాబితా. టిక్కు లేని పేర్లు నాలుగు, అందులో మావాడిదొకటి. తొమ్మిదీ ముప్ఫై రెండుకి మా ఆవిడ ఫోన్‌పే చేసింది. ఇష్టంగానే.

మరి మళ్లీ కొట్లో కొన్న ఈ వినాయకుడెందుకు? అదీ మా ఆవిడే చెప్పింది. నలభైమంది కలిసి ఇచ్చిన చీరలో మనవాడి పేరు ఏ పోగులో ఉంటుంది? అంచేత పైకి గ్రూపుతో చందా, లోపల ఎవరికి వాళ్లు విడిగా ఓ సంచీ. ఆ సాయంత్రం కొట్లో మా గ్రూపువాళ్లే అయిదుగురు తగిలారు. ఒకళ్లనొకళ్లు చూసి, చుట్టాలింటికి బర్త్‌డే గిఫ్టు కొంటున్నట్టు మొహాలు పెట్టాం.

దీన్ని కృతజ్ఞత అంటున్నాం. బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకో సందేహం. పని అయ్యాక ఇచ్చేది కృతజ్ఞత. పని కాకముందే ఇచ్చేదాన్ని అడ్వాన్సంటారు. ఇస్తూ ఇస్తూ "మావాణ్ణి కాస్త చూసుకోండి మేడమ్" అంటే దానికి వేరే పేరుంది, ఆర్టీవో ఆఫీసు దగ్గర జిరాక్సు షాపువాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ వాక్యంలో బరువంతా 'కాస్త' మీదే ఉంది. కాస్త అంటే ముందు బెంచీ. కాస్త అంటే అరమార్కు దగ్గర ఆగిపోయినప్పుడు చిన్న తోపు. కాస్త అంటే మిగతా ముప్ఫై తొమ్మిదిమందినీ కాస్త తక్కువ చూడమని. పైకి మెరిసే ఈ కృతజ్ఞతకీ చిలకలపూడి బంగారానికీ తేడా ఒక్కటే. చిలకలపూడివాళ్లు అది గిల్టని చెప్పి మరీ అమ్ముతారు.

మన తాతల కాలంలో గురువుకి ఇవ్వలేదా అంటారు. ఇచ్చారు. దసరాలకి వీధిబడి పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని, రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు వాళ్ల చేతికిచ్చి, ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలు గొంతెత్తి పాడేవాళ్లు. పంతులుగారికింత, మాకింత అని అడగడమే ఆ పాటలో విషయం. దాని పేరు కూడా దసరా మామూలే. కానీ అడిగింది వీధిలో, పట్టపగలు, రాగయుక్తంగా. ఎవరింట్లో ఏమిచ్చారో ఊరందరికీ తెలుసు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ దాచుకునే పనిలేదు. ఆ మామూలుకి పాటుండేది, మన మామూలుకి క్యారీబ్యాగుంది.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదు. దక్షిణ కొరియాలో టీచర్లకి తల్లిదండ్రులు తెల్ల కవర్లలో డబ్బు పెట్టి ఇవ్వడం పెద్ద జాడ్యమై కూర్చుంది. దానికి వాళ్ల భాషలో 'చోంజీ' అని ముద్దుపేరు కూడా. 2016 సెప్టెంబరు 28 నుంచి కొత్త చట్టం అమల్లో పెట్టారు. అక్కడి టీచర్ల దినోత్సవానికి ఒక్కో పిల్లాడు విడిగా ఓ పువ్వు ఇచ్చినా తప్పే. పిల్లలందరి తరఫునా క్లాసు లీడరు, అందరూ చూస్తుండగా ఇవ్వొచ్చు. అంటే తిరిగి తిరిగి మన దసరా వీధికే వచ్చారు. ఇక్కడ సర్కారు టీచర్లకి 1964 నుంచీ ప్రవర్తనా నియమాలున్నాయి. బహుమతులు పుచ్చుకోవడానికి హద్దులు చెప్పాయి. పాపం, వాళ్లకి వినాయకుల్ని ఇచ్చేవాళ్లే లేరు. అవసరం ఎక్కడుందో నైవేద్యం అక్కడికే పోతుంది.

మా పిన్ని దివిసీమలో ఇరవై ఏళ్లు సర్కారు బళ్లో చెప్పింది. ఓ కౌలురైతు కొడుకు పాదు నుంచి కోసిన సొరకాయ పొద్దున్నే తెచ్చి బల్లమీద పెట్టేవాడట. తొడిమ దగ్గర ఇంకా పాలు కారుతూ. పిన్ని పప్పులో వేసి, మర్నాడు స్టీలు గిన్నెలో వాళ్లమ్మకి పంపేది. ఖాళీ గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగిరాలేదు, అడుగున రెండు చింతకాయలో, గుప్పెడు పెసలో ఉండేవి. సంవత్సర పరీక్షలో ఆ కుర్రాడికి లెక్కల్లో పదిహేడొచ్చాయి. పదిహేడే వేసింది. సొరకాయలు ఆగలేదు.

ఇంతకీ ఈ సెప్టెంబరు పండగ ఎక్కడిదంటే, సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజుని టీచర్లకి ఇచ్చాం. ఆయన 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. ఆ విశ్వవిద్యాలయం 1926లో కళ్లు తెరిచింది మన బెజవాడలోనే. తర్వాత వాల్తేరు వెళ్లిపోయింది. యూనివర్సిటీ వెళ్లిపోయిన ఊళ్లో కోచింగు మిగిలింది, దాన్ని మాత్రం ఎవరూ తరలించలేకపోయారు.

ఆ కోచింగు స్కూళ్ల ఫీజు కౌంటరు దగ్గర మనం నోరెత్తం. కాళేశ్వరరావు మార్కెట్లో కొత్తిమీర కట్టకి రెండు రూపాయలు తగ్గించమని పావుగంట వాదించే మనిషి, బిల్డింగు ఫండ్ అంటే కార్డు గీకి రసీదు మడిచి జేబులో పెట్టుకుంటాడు. అందులో మేడమ్ చేతికి ఎంత పోతోందని అడగడు. ఏప్రిల్, మే ఎండల్లో, మాడు పగిలేవేళ, అడ్మిషన్ల కోసం కరపత్రాలు పట్టుకుని అపార్ట్‌మెంట్ల మెట్లెక్కేది ఆ మేడమే. దసరా తిరుగుడు పోలేదన్నమాట. విల్లంబుల బదులు కరపత్రాలు, పంతులుగారి వరహాల బదులు యజమానిగారి టార్గెట్లు. వచ్చిన టీచరమ్మకి తలుపు తీసి "ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పేదీ మనమే.

2020లో బళ్లు మూతపడ్డప్పుడు నెల్లూరులో ఓ మాస్టారు తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్ముకున్నారు. కొత్త అడ్మిషన్లు తేలేదని స్కూలువాళ్లు పొమ్మన్నారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆయన చెప్పేది తెలుగూ సంస్కృతమూ, అట్టపెట్టెలో పెన్ను కోవ. ఆయన దగ్గర ఎప్పుడో చదువుకున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, తలా ఇంత పోగేసి ఇచ్చారు. వాళ్లకి ఆయనతో మార్కుల పని లేదు. మరుసటేడు తెలంగాణలో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మా స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఆ రెండేళ్లూ ఏం చేసిందో చూద్దామని వెనక్కి వెళ్లి చూశాను. ఆన్‌లైన్ క్లాసులకి ఫీజు తగ్గించమని నలభై మెసేజిలు. మేడమ్‌కి జీతం వస్తోందా అని ఒక్కటి లేదు.

సరే, వినాయకుడు. ఇంటికి తెచ్చిన రాత్రే మావాడు కింద పడేశాడు. ఎలాగూ ఏకదంతుడు కదా, ఉన్న ఆ ఒక్క దంతమూ ఊడింది. ఫెవిక్విక్కుతో అతికించాను, కొంచెం వంకరొచ్చింది. మర్నాడు రిబ్బను కట్టి పంపాం. మేడమ్ థాంక్స్ చెప్పారట.

మా మరదలు పటమటలో వేరే బళ్లో సోషల్ చెబుతుంది. మొన్న వాళ్లింటికి భోజనానికి వెళితే షోకేసులో కాఫీ కప్పులు పదకొండు, అన్నిటిమీదా బెస్ట్ టీచర్ అనే. పక్కన నలుగురు వినాయకులు. మూడో ఆయన దంతం వంకరగా ఉంది. తీసి వెనక్కి తిప్పి చూశాను, జిగురు మరక నాదే. ఏ మేడమ్ కొడుకు ఏ మేడమ్‌కి ఇచ్చాడో, ఎన్ని బళ్లు తిరిగి వచ్చాడో స్వామి.

"కావాలంటే తీసుకెళ్లండి బావగారూ, ఇంకో ముగ్గురున్నారు" అంది మరదలు.

తెచ్చాను. మావాడిప్పుడు అయిదో తరగతి, ఈ ఏడు వేరే మేడమ్. మా ఆవిడ కొత్త రిబ్బను కట్టింది. కనీసం ఈసారైనా కార్డు మీద పేరు రాద్దామని పెన్ను తీసి, "మీ మేడమ్ పేరేంట్రా?" అని అడిగాను.

"మ్యాథ్స్ మేడమ్" అన్నాడు.