శవం పక్కన సూపు

మొత్తానికి మా అపార్ట్‌మెంటుకీ వచ్చేసింది. వచ్చే నెల క్లబ్ హౌస్‌లో మర్డర్ మిస్టరీ డిన్నరట. వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పడ్డ గంటలోనే సీట్లన్నీ నిండిపోయాయి. లిఫ్టు మరమ్మతుకి తలా మూడొందలు అడిగితే మెసేజ్ చూడనట్టు ఊరుకున్న మా బ్లాకు జనమే, తలకి రెండు వేల పైచిలుకు పెట్టి హత్య చూడ్డానికి ఎగబడి గూగుల్ పే చేశారు.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఈ వ్యాపారం ఎలా నడుస్తోందో మీకు తెలియంది కాదు. హెచ్‌ఆర్ వాళ్ళయితే దీన్ని టీమ్ బిల్డింగ్ అంటున్నారు. పక్క సీటువాడే హంతకుడని సాయంత్రమంతా అనుమానించాక టీము ఎలా గట్టిపడుతుందో వాళ్ళకే తెలియాలి. అప్రైజల్ రోజుల్లో ఆ అనుమానం టికెట్టు లేకుండానే వస్తుంది కదా!

బంధువుల కుర్రాడి పుట్టినరోజని నన్నూ ఒకదానికి లాక్కెళ్ళారు. గుమ్మంలోనే చేతిలో కవరు పెట్టారు. నేను రిటైర్డ్ కల్నల్‌నట. బర్మాలో ఎస్టేటు, పేకాట అప్పులు, అనుమానాస్పదంగా పోయిన మొదటి భార్య. మా పిన్ని లేడీ ఫలానా. ఆవిడ కొప్పులో మల్లెపూలు పక్కకి జరిపి ఓ నెమలి ఈక గుచ్చారు. ఇన్‌స్పెక్టరు వేషగాడు నడి మే నెలలో కాళ్ళదాకా కోటు వేసుకుని, భూతద్దం పట్టుకుని, ‘302 కింద బుక్ చేస్తా’ అని గర్జించాడు. 2024 జులై 1 తర్వాత జరిగిన హత్య భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్ కిందికి వస్తుందని ఆ కోటుకి ఎవరూ చెప్పలేదు. మెనూ కార్డులో ‘ప్రాణాంతక పనీర్’ ఉంది. దాని గురించి ఇంతకంటే రాయను.

శవం సంగతి మాత్రం రాయకుండా ఉండలేను.

సూపు వడ్డిస్తుండగా దీపాలు ఆర్పేసి కెవ్వుమన్నారు. వెలిగేసరికి మా టేబుల్ పక్కనే ఓ కుర్రాడు వెల్లకిలా పడున్నాడు, చొక్కా మీద ఎర్ర రంగు. సరిగ్గా ఏసీ గాలి కింద పడ్డాడేమో, పాపం, కాసేపటికి తుమ్ము వచ్చింది. ఆపుకోబోయాడు, కడుపు ఎగిరెగిరి పడింది. వెయిటరు అతణ్ణి దాటుకుంటూ వచ్చి, ‘సార్, చికెన్ సిక్స్‌టీఫైవ్ రిపీట్ చెయ్యమంటారా?’ అని అడిగాడు. ఎదురుగా ఉన్నాయన చెయ్యమన్నాడు. ఓ తల్లి తన బిడ్డని శవం పక్కన కూర్చోబెట్టి ఫొటో తీసింది.

వీధిలో ఒకరు పోతే శవం లేచేదాకా చుట్టుపక్కల ఇళ్ళలో పొయ్యి వెలిగించని మనుషుల్లో పెరిగినవాణ్ణి. అది మడి కాదు, ఆచారమూ కాదు. ఏడుస్తున్నవాళ్ళ ముక్కుకి మన పోపు వాసన తగలకూడదన్న సిగ్గు. ఆ సిగ్గుకి ఇప్పుడు స్టార్టర్లు వడ్డిస్తున్నారు. ఆటేగా అంటారు. ఆటే. నాటకాల్లో చావులు నేనూ చూశాను. 1885లో సురభి వాళ్ళు మొదలుపెట్టిందే కీచక వధతో. చంపేది భీముడని జనానికి ముందే తెలుసు. ఎవడు చంపాడని కాదు, అక్కడిదాకా ఎందుకొచ్చిందని చూడ్డానికి వెళ్ళారు. కీచకుడి మీంచి ఎవరూ పకోడీలు అందుకోలేదు.

చివరికి హంతకురాలు మా పిన్నేనని తేలింది. చప్పట్లు కొట్టారు, బహుమతిగా కప్పు ఇచ్చారు. శవం లేచింది. మేము తిని వెళ్ళాక మిగిలిందే అతనికి భోజనమట. ప్లేటు పట్టుకుని కిచెన్ తలుపు దగ్గర నిలబడి ఉంటే చూశాను. చొక్కా మీద రంగు ఇంకా ఆరలేదు.

ఈ కల్నళ్ళు, లేడీలు మనకెందుకొచ్చారు? బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆంథొనీ ప్రాట్ హోటళ్ళలో పియానో వాయించేవాడు. అక్కడి అతిథులు సరదాకి హత్యల ఆట ఆడుకోవడం చూశాడు. యుద్ధకాలంలో బాంబుల భయంతో ఇంట్లో కూర్చోవాల్సి వచ్చినప్పుడు దాన్నే బోర్డు మీదికి ఎక్కించాడు. 1949లో క్లూడో పేరుతో అమ్మకానికి వచ్చింది. అతని బాధ అర్థమవుతుంది. మన బాధేమిటి? హత్యకి పెద్ద భవంతే కావాలంటే తెలంగాణలో దొరల గడీలున్నాయి. కాకపోతే ఆ ఆట సూపు దగ్గరే అయిపోతుంది. గడీలో ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు. నోరు విప్పేదెవరన్నదే అక్కడ మిస్టరీ.

ఇప్పటికీ అంతే. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ఇది. వాటిలో ఎక్కువ భాగానికి భూతద్దం అక్కర్లేదు. గట్టు తగాదా, డబ్బు తగాదా, ఇంటి తగాదా. చంపింది ఎవరో వీధి చూసింది. సాక్షి కోర్టుకి రాడు, వచ్చినా అడ్డం తిరుగుతాడు. సాక్షుల రక్షణకి ఓ పథకం ఉండాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంత దిగజారిందో అర్థం చేసుకోండి. పేదవాడు భయపడి నోరు మూసుకుంటే నేను తప్పుపట్టను. అతనికి ప్రాణభయం ఉంది. మరి మీకేం భయం?

కిందటేడు మా గేటు ముందే డెలివరీ కుర్రాణ్ణి కారు గుద్దేసి వెళ్ళిపోయింది. బాల్కనీల నిండా జనం. ఎస్సై వచ్చి ‘ఎవరైనా చూశారా?’ అంటే బాల్కనీలు ఖాళీ. సీసీ కెమెరా పనిచెయ్యడం లేదన్నారు. అది అబద్ధం. ‘మనకెందుకండీ స్టేషన్ల గొడవ’ అన్న పెద్దమనిషే ఈసారి డిటెక్టివ్ టోపీ ఆర్డర్ చేశాడు, గ్రూపులో ఫొటో పెట్టాడు. ‘రాత్రి తొమ్మిదింటికి మీరెక్కడున్నారు?’ అని అందర్నీ అడగడానికి ఇప్పట్నుంచే ప్రాక్టీసట. అయ్యా, ఆ రాత్రి తొమ్మిదింటికి తమరు మూడో అంతస్తు బాల్కనీలో ఉన్నారు. నేను చూశాను.

వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, తినండి, ఈకలు పెట్టుకోండి. ఆ కుర్రాడి కేసు ఇంకా స్టేషన్లోనే ఉంది. కారు నంబరు చూసినవాళ్ళు మన బ్లాకులో కనీసం నలుగురున్నారు. డిన్నర్‌కి ముందే ఒకసారి అటు వెళ్ళి, చూసింది చెప్పి, సంతకం పెట్టి రండి.