మరపురాని పుస్తకం

మా మాస్టారి పుస్తకాల పిచ్చి బెజవాడలో చాలామందికి తెలుసు. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర, నవోదయ, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు, జనవరి వస్తే పుస్తక మహోత్సవం. ఈ చోట్ల నాలుగు రోజులు కనబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని ఫోను చేసేవాళ్లున్నారు. ఇంట్లో గదులన్నీ పుస్తకాలవే. వంటింటి అటక మీద కూడా పాత ‘భారతి’ సంచికలే ఉన్నాయనీ, ఆవకాయ జాడీ పెట్టుకోవడానికి చోటు లేదనీ పిన్నిగారు ఇప్పటికీ సణుగుతారు.

అన్ని పుస్తకాలున్నా ఒక్కటీ ఎవరికీ ఇవ్వరు. ‘‘గడప దాటిన పుస్తకం తిరిగొచ్చిన దాఖలా లేదురా. లోకంలో మనుషులు అంత నిజాయితీపరులు కారు’’ అంటారు. ఆయన దగ్గర తెలుగు చదువుకుని, ఇప్పటికీ ఆయన వెంట తిరిగే నాకే ఇవ్వలేదు. కావాలంటే అక్కడే కూర్చుని చదువుకోవాలి. కాఫీ, ఒక్కోసారి పెసరట్టు కూడా పెడతారు. పుస్తకం మాత్రం గుమ్మం దాటదు.

రిటైరయ్యాక ఆయనకో దిగులు పట్టుకుంది.

‘‘ఇంత చదివానా, కళ్లు మూసుకుంటే ఒక్కటీ నిలవదేమిట్రా! దయానిధి పేరు గుర్తుంది, చివరకు అతనికి మిగిలిందేమిటో గుర్తులేదు. సీతారామారావు అంత అసమర్థుడెందుకయ్యాడో చెప్పమంటే నీళ్లు నములుతాను. ‘అల్పజీవి’ సుబ్బయ్య భయపడేవాడని తెలుసు, ఎవరెవరికి భయపడ్డాడో తెలీదు. మనిషిని పట్టుకుంటే ఇక వదలని పుస్తకం ఒకటి ఎక్కడో ఉండి ఉండాలి. అది నాకింకా దొరకలేదు.’’

అప్పట్నుంచి కనబడ్డవాణ్ణల్లా ఆపి, ‘‘నీకు మరపురాని పుస్తకమేదోయ్?’’ అని అడగడం మొదలెట్టారు. పేరు చెప్పి తప్పించుకుంటే కుదరదు. లోపల ఏం గుర్తుందో చెప్పాలి. ఎన్నో ఏళ్లు పేపర్లు దిద్దిన కన్ను ఆయనది. చదవకుండా రాసినవాణ్ణి మొదటి పేరాలోనే పట్టేస్తారు.

పక్కవీధి బ్యాంకు మేనేజరుగారు తడుముకోకుండా ‘కాలాతీత వ్యక్తులు’ అన్నారు. ఇందిర పాత్రంటే ప్రాణమన్నారు. ఆ ఊపులో కథ ఎత్తుకున్నారు. మాస్టారు కాసేపు ఓపిగ్గా విని, ‘‘బాబూ, నువ్వు చెబుతున్నది 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’. ఆ నవల మీదే తీశారు, కాదనను. కానీ డాక్టర్ శ్రీదేవిగారు తన నవల్లో నాగేశ్వరరావుకి డ్యూయెట్లు పెట్టలేదు’’ అన్నారు.

తర్వాత ఒక కుర్రకవి దొరికాడు. అతనిది ‘అంపశయ్య’. నవీన్ అన్నాడు, 1969 అన్నాడు, చైతన్య స్రవంతి అన్నాడు. ఆ స్రవంతి ఎంతకీ ఆగకపోయేసరికి మాస్టారు అడ్డం తగిలారు. ‘‘అంతా ఒక్కరోజు కథే కదా, ఆ రోజు రవి ఏం చేశాడు నాయనా?’’ కుర్రాడు మళ్లీ చైతన్య స్రవంతి అన్నాడు. ‘‘ముందుమాట బాగా చదివాడురా’’ అన్నారు మాస్టారు నాతో, అతను వెళ్లాక.

ఒకప్పుడు యూనియన్లో తిరిగిన పెద్దాయన కళ్లు మెరిశాయి. ‘‘మాస్కోలో అచ్చై వచ్చిన తెలుగు పుస్తకాలండీ! ఆ గట్టి అట్టలు, ఆ కాగితం, తెరిస్తే ఆ వాసన! ధర చూస్తే ఊరికే ఇచ్చినట్టే ఉండేది. సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ పోయాయి.’’

‘‘లోపల ఏముండేది?’’

పెద్దాయన కాస్త ఆలోచించి, ‘‘విప్లవం’’ అన్నాడు.

మొన్న జనవరిలో పుస్తక మహోత్సవానికి వెళ్లాం. ఎప్పట్లాగే మాస్టారి రెండు సంచులూ నిండి, ఒకటి నా చేతికొచ్చింది. టీ కొట్టు దగ్గర కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన కనిపించాడు. నెమ్మదస్తుడు. మాస్టార్ని చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

‘‘కూర్చోవయ్యా. నువ్వు పెద్దగా చదవవనుకుంటా. అయినా అడుగుతున్నా. నీకు మరపురాని పుస్తకమంటూ ఏదైనా ఉందా?’’

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

‘‘ఒకటుందండి. ‘అతడు–ఆమె’. ఉప్పల లక్ష్మణరావుగారిది.’’

‘‘డైరీల నవల!’’

‘‘అవునండి. శాంతం, శాస్త్రి రాసుకున్న డైరీలు. మా పెళ్లికి మా మేనమామ ఇచ్చాడు. లోపలి అట్ట మీద ఆకుపచ్చ సిరాతో ఆశీర్వచనం, కింద సంతకం. అట్ట ఊడిపోతుంటే క్యాలికో బైండు చేయించాను, ముదురు నీలం. వెన్ను మీద బంగారు అక్షరాలు వేయించాను. ‘ఆమె’కి ఎత్వం చెరిగిపోయి ‘ఆమ’ అని మిగిలింది. మధ్యలో ఒక పేజీ మీద మా పెద్దాడు పాలు ఒంపాడు. ఎండలో పెడితే ఆరింది గానీ ముడత పోలేదు. ఆ తర్వాత మరి కొన్ని పేజీలకి మా ఆవిడ గుర్తుగా రిక్షా సంఘం వాళ్ల చందా రసీదు పెట్టుకుంది. అక్కడికే చదివిందండి. శాంతం తర్వాత ఏం చేసిందని ఇప్పటికీ అడుగుతుంది. కొత్తది కొంటానంటే వద్దు, మన పుస్తకమే కావాలంటుంది.’’

మాస్టారి నోట మాట లేదు. టీ చల్లారిపోయింది. నా వైపు తిరిగి, ‘‘విన్నావురా? పెద్దపెద్ద వాళ్లనడిగాను. ఒక్కడూ ఇలా చెప్పలేదు. ముడతతో సహా గుర్తుంది! పట్టుకుంటే వదలని పుస్తకం అంటే ఇదీ!’’ అన్నారు. గొంతు వణికింది. మళ్లీ ఆయన వైపు తిరిగి, చెయ్యి పట్టుకున్నారు.

‘‘నాకు ఆ ప్రతే కావాలయ్యా. మళ్లీ అచ్చువేసినవి వద్దు. ఒక్కసారి ఇప్పించు. వారం రోజుల్లో చదివి ఇచ్చేస్తాను.’’

గుమాస్తాగారు మొహమాటంగా నవ్వాడు.

‘‘1994లోనూ వారం రోజులనే పట్టుకెళ్లారండి, మాస్టారూ.’’