గాల్లోంచి తెచ్చి గాల్లోకే!

2025 వానాకాలం. తెలంగాణలో యూరియా కోసం నిలబడి నిలబడి కాళ్లు పీకి, జనం చెప్పుల్ని వరుసలో పెట్టారు. పక్కనే పట్టాదారు పాసుపుస్తకాలు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలట. ఆ యాభై పైసలు ఎక్కడ దొరుకుతాయని అడక్కండి. ముందు బస్తా దొరకాలిగా!

ఇంతకీ యూరియా ఎలా పుడుతుంది? సహజవాయువు కావాలి. అది చాలామటుకు ఓడలెక్కి దిగుమతవుతుంది. దాంతో గాల్లోని నత్రజనిని నాలుగైదు వందల డిగ్రీల వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో లొంగదీసి అమ్మోనియా చేస్తారు. అందులోంచి యూరియా. డాలర్లు పోసి గాలిని బస్తాకెత్తడమన్నమాట.

ఇప్పుడిటు రండి. ముక్కు మూసుకోండి. ఇది బయోగ్యాస్ ప్లాంటు. పేడ, కుళ్లిన కూరగాయలు, పారేసిన అన్నం లోపలికి. గ్యాసు బయటికి. రిబ్బను, కొబ్బరికాయ, ఫొటో. మరి అడుగున మిగిలిన స్లర్రీ? చెత్తలోని నత్రజనిలో చాలా భాగం అమ్మోనియా రూపంలో అందులోనే ఉంది. మూతలేని గుంటలో ఎండబెడితే? హుష్‌కాకి! ఆ ఘాటు మీకు తెలుస్తోంది. ఫైలుకు ముక్కుండదుగా!

పట్టుకునే దారి లేదా? భేషుగ్గా ఉంది. స్లర్రీని వేడిచేసి, సున్నం కలిపి, గాలి ఊదాలి. పైకి లేచిన అమ్మోనియాను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పట్టేస్తే అమ్మోనియం సల్ఫేట్. చేలో చల్లే అసలు సిసలు ఎరువు. ‘ఖర్చండీ’ అంటారు దొరలు. అవును బాబూ, ఖర్చే. ఆమ్లం ఉత్తినే రాదు. వేడీ ఉత్తినే రాదు. మరి ఓడలో వచ్చే గ్యాసు మేనత్త పంపిన సారెనా?

పథకాలకేం కొదవ? 2018లో ‘సతత్’ అన్నారు. 2023కల్లా 5,000 బయోగ్యాస్ ప్లాంట్లన్నారు. గడువు ఠంచనుగా వచ్చింది. ప్లాంట్లు పదో వంతైనా రాలేదు. ఆ ప్లాంట్ల సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 రూపాయల సాయమన్నారు. టన్నుకండీ, నత్రజని కిలోకు కాదు! బరువు తూగితే చాలు. సారం ఎగిరిపోతే ఎవడిక్కావాలి?

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి నయం. బిడ్డ చంకలోనైనా ఉంది. మనం జారవిడిచి మరీ వెతుకుతున్నాం.

చెప్పులున్నది వరుసలో పెట్టడానికే కాదని రైతుకు తెలుసు. ఏలినవారికో?