థర్డ్ అంపైర్ ఇంకా చూస్తున్నాడు

2008 జనవరి, సిడ్నీ టెస్టు. ఆస్ట్రేలియా బ్యాటర్ సైమండ్స్ 30 దగ్గర ఉండగా బంతి బ్యాటుకు తగిలి ధోనీ చేతిలో పడింది. స్టేడియమంతా విన్న చప్పుడు అంపైర్ బక్నర్‌కు మాత్రం వినబడలేదు. సైమండ్స్ 162 నాటౌట్, మనకు 122 పరుగుల ఓటమి. బంతి తగిలిందని ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు మహానుభావుడు, పెవిలియన్‌కు మాత్రం పోలేదు. మన బోర్డు గగ్గోలు పెట్టి తర్వాతి టెస్టుకు బక్నర్‌ను తప్పింపజేసింది. తీరా తప్పులు దిద్దే డీఆర్‌ఎస్ వస్తే, మాకొద్దంటూ 2016 దాకా మొండికేసిందీ అదే బోర్డు!

బోధన్‌లో అంతకన్నా పాత అప్పీలు పెండింగ్‌లో ఉంది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది. తెరిపిస్తామని గొంతు చించుకుని అప్పీలు చేసిన నేతలే అధికారమనే అంపైర్ తెల్లకోటు తొడుక్కోగానే కమిటీకి రిఫర్ చేస్తారు. ఎన్నికలొస్తే స్లోమోషన్ రీప్లే. ఈలోగా చెరుకు మడుల్లోకి వరి దిగింది.

అయ్యా, రీప్లేలు చాలు. క్రషింగ్ ఏ తేదీనో చెప్పండి.