ఏడవకురా, చూసి కొనరా!

హైదరాబాద్‌లో గానీ, బెజవాడలో గానీ కొత్తగా తెరిచిన ఏ దుకాణం ముందైనా నిలబడి తల పైకెత్తితే మన వ్యాపారి మనసంతా అక్కడే వేలాడుతూ కనిపిస్తుంది. పైన లైట్ల బోర్డు: అందరూ చూడండి, లోపలికి రండి. దాని కిందే బూడిద గుమ్మడికాయ, పక్కన నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ: ఎవరూ చూడకండి. లారీల వాళ్లు ఇంకాస్త సూటి మనుషులు. ‘నన్ను చూసి ఏడవకురా’ అని రంగురంగుల్లో రాయించి, వెనకొచ్చే ప్రతివాడూ చూసి తీరేలా పెట్టుకుంటారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని నమ్మిన జాతి ఇది. అలాంటి జాతి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి ‘మీ వ్యాపారం మీద ఓ రీలు చేయండి’ అంటే చెమటలు పట్టవా మరి?

అలాగని మొహం చూపించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఏ చౌరస్తాలోనైనా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చూడండి. నాయకుడి బొమ్మ చుట్టూ నల్లకళ్లద్దాలతో, చెవి దగ్గర ఫోనుతో, జోడించిన చేతులతో వరసగా పాతిక మొహాలు. అందులో ఒకాయనది సిమెంటు కొట్టు, ఇంకొకాయనది టెంట్‌హౌసు. ఎవరి పుట్టినరోజుకో తన బొమ్మ వేయించుకున్న ఆ టెంట్‌హౌసు పెద్దమనిషే, సొంత వ్యాపారం వాట్సాప్ డీపీ దగ్గరికొచ్చేసరికి ఏడుకొండలవాణ్ణి పెట్టేస్తాడు. షామియానా ఎలా ఉంటుందో చూద్దామని నొక్కినవాళ్లకు క్యూలో నిలబడకుండానే స్వామి దర్శనం అవుతుంది. షామియానా మాత్రం కనబడదు. దుకాణం బోర్డు మీద ‘ప్రొ:’ అని పెట్టి ఇంటిపేరుతో సహా రాయించుకున్న తాతలకు మనవలు వీళ్లు!

ఇంత భయం ఎవరంటే? కొనేవాళ్లంటే మాత్రం కాదు. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అంటారు. ఆ నలుగురూ ఎవరని ఆరా తీస్తే తేలే జాబితా దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే: పదో తరగతి బ్యాచ్ గ్రూపు, పాత ఆఫీసు మేనేజరు, ఆడపడుచు, ఎదురింటి ఆంటీ. మియాపూర్ ఫ్లాట్‌లో మగ్గం వర్కు జాకెట్లు కుట్టే అమ్మాయి ఫోటో పెట్టబోయి ఆగిపోయేది ‘బీటెక్ చదివించింది ఇందుకా’ అని మేనత్త అంటుందేమోనని. ఈ నలుగురి గొప్పతనం ఏమిటంటే, వీళ్లు జన్మలో ఏదీ కొనరు. కొన్నా ‘మనలో మనకు లెక్కలేమిటి’ అంటారు. డబ్బిచ్చి కుట్టించుకునే మనిషి మరో కాలనీలో కూర్చుని ‘నా దగ్గర్లో మగ్గం వర్కు’ అని ఫోనులో వెతుకుతూ ఉంటుంది. ఆవిడకు ఈ మేనత్త ఎవరో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నలుగురూ నిజంగా చూస్తారా అన్న సందేహాన్ని అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం తీర్చింది. 2000లో అచ్చయిన ఆ ప్రయోగంలో ఒక్కో విద్యార్థికీ బ్యారీ మానిలో అనే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. కుర్రకారు సిగ్గుపడే టీషర్టు అది. ‘ఎంతమంది గమనించి ఉంటారు’ అని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. తీరా లెక్క చూస్తే గమనించింది సుమారు నాలుగో వంతు. అంటే మేనత్త గురించి పడే బెంగలో సగం దండగ. మిగతా సగానికి వాట్సాప్‌లోనే మందుంది. స్టేటస్ ఎవరెవరికి కనబడకూడదో ఎంచుకునే వీలు అందులో ఉంది. అక్కడ మేనత్త పేరు మీద ఒక్క టిక్కు పెడితే, పాతిక నిమ్మకాయలు చేయలేని పని అయిపోతుంది.

భయాలన్నీ ఇలా నవ్వి తోసేయదగ్గవి కావు. ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లు నంబరు బయట పెట్టగానే రాత్రి పదకొండింటికి ‘హాయ్’లు, ‘భోజనం అయిందా’లు మొదలవుతాయి. భోజనం సంగతి అడిగేవాడు ఏనాడూ సున్నుండలు కొనడు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ ఇక్కడ అక్కరకొస్తుంది. వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోవచ్చు, పనివేళలు రాసి పెట్టొచ్చు, వేళ దాటాక వచ్చిన ‘హాయ్’కి దానంతట అదే ముక్తసరి జవాబు పంపేలా చేయొచ్చు. గూగుల్‌లో వ్యాపారం నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంటి చిరునామా దాచి, ఏయే ప్రాంతాలకు సేవలందిస్తారో అంతవరకే చూపించొచ్చు. మొహం ఎలాగూ తప్పనిసరి కాదు. మగ్గం మీద సూది ఆడే చేతులు చూపించినా సరిపోతుంది.

ఇదంతా ఉచితంగా దొరకడమే పెద్ద లోపమైపోయింది. ఉచితమైనది మన కంటికి ఆనదు కదా! అందుకే ధైర్యాన్ని కూడా ప్యాకెట్లలో అమ్మేవాళ్లు తయారయ్యారు. తొంభై తొమ్మిది రూపాయలకు రెండు గంటల జూమ్ తరగతి. ‘మీలో ఉన్న బ్రాండును మేల్కొలపండి’ అంటాడు గురువు. మొదటి గంట ఆయన కారు చూపిస్తాడు, రెండో గంట తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయల అసలు కోర్సు చూపిస్తాడు. కారం పొడి ఎలా అమ్మాలో చెప్పడు. అమ్మడం ఎలాగో తెలిసినవాడు కాబట్టే, చెప్పకుండా అమ్ముతున్నాడు.

ఇంకో భయం ఉంది: మరీ ఎక్కువ మంది చూసేస్తేనో? దీనికి అందరూ కుమారి ఆంటీనే ఉదాహరణగా చూపిస్తారు. మాదాపూర్‌లో రోడ్డు పక్కన ఏళ్ల తరబడి భోజనం పెట్టిన ఆవిణ్ణి యూట్యూబర్లు పట్టుకుని, బిల్లులో ‘రెండు లివర్లు ఎక్స్‌ట్రా’ అన్న మాటను ఊరంతా తిప్పారు. జనం ముసిరారు, ట్రాఫిక్ నిలిచింది. 2024 జనవరి చివర్లో పోలీసులు బండి తీయించారు. వెంటనే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కల్పించుకుని ఆవిణ్ణి అక్కడే కొనసాగనివ్వమన్నారు. అన్నం కూరల కోసం ముఖ్యమంత్రి కార్యాలయం దాకా కదిలిన సందర్భాలు అరుదు. అయితే కొత్తగా రీలు పెట్టినవాళ్లకు ముందుగా ఎదురయ్యే కష్టం అది కాదు. ట్రాఫిక్ ఆగాలంటే ముందు ఎవరో ఒకరు రావాలి. మొదటి నెలంతా చూసేది మొగుడూ, అన్నయ్యా, లోన్లిస్తామనే ఒక తెలియని ఖాతానూ.

మొహం బాగాలేదనే బాధ మరొకటి. కాస్త తగ్గాక చేస్తా, జుట్టుకు రంగేశాక చేస్తా, దసరాకి చేస్తా. గుంటూరు జిల్లా మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో, పొలంలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచం చూసింది. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూసేనాటికి ‘కంట్రీ ఫుడ్స్’ యూట్యూబ్ చానల్‌కు పది లక్షలకు పైగా చందాదారులున్నారు. రంగులేసుకోవడానికి ఆవిడకు తీరిక లేకపోయింది. ఇక లలితా జ్యువెలరీ అధినేత కిరణ్‌కుమార్, నగల ప్రకటనంటే హీరోయిన్ ఉండాలన్న సంప్రదాయాన్ని పక్కనపెట్టి నున్నటి గుండుతో తానే కెమెరా ముందుకొచ్చి డబ్బులు ఎవరికీ ఊరికే రావని చెప్పారు. ఆయనను వెక్కిరించిన వీడియోలకు కొదవలేదు. ఆ వెక్కిరింతలన్నీ పైసా తీసుకోకుండా ఆయన దుకాణం పేరు మోసుకు తిరిగాయి.

చెడ్డ రివ్యూ వస్తే? వస్తుంది, రావాలి కూడా. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని స్పీగెల్ పరిశోధన కేంద్రం 2017లో తేల్చిందేమిటంటే, కొనే అవకాశం 4.0కీ 4.7కీ మధ్య రేటింగుల దగ్గర ఎక్కువగా ఉండి, 5కు దగ్గరపడేకొద్దీ తగ్గుతుందట. అన్నీ అయిదు నక్షత్రాలే ఉంటే ‘బావమరుదులు రాసి ఉంటారు’ అని జనానికి తెలుసు.  హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైకేల్ లూకా 2011లో సియాటిల్ హోటళ్ల మీద చేసిన అధ్యయనం చిన్నవాళ్లకు మరీ ముఖ్యం: రివ్యూల సైటు యెల్ప్‌లో ఒక్క నక్షత్రం పెరిగితే సొంతంగా నడిపే హోటళ్ల ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. ఊరూరా శాఖలున్న పెద్ద పేర్లకు ఆ లాభం కనబడలేదు. వాళ్ల రుచి జనానికి ముందే తెలుసు. తెలియనిది సందు చివరి మెస్సు సంగతే.

ఇవన్నీ దాటి రీలు పెట్టారనుకుందాం. వీడియోలో ‘కిలో 900’ అని అరచేతి మందాన అక్షరాలు. కింద మళ్లీ రాత. నోటితో రెండుసార్లు చెప్పడం కూడా అయింది. మొదటి కామెంటు: ‘ప్రైస్ ప్లీజ్’. ఒళ్లు మండుతుంది. మండినా మింగాలి. రీళ్లతోనే పేరు తెచ్చుకున్న గోదావరి వైపు పచ్చళ్ల వ్యాపారం ఒకటి 2025 ఏప్రిల్‌లో మునిగింది ఇక్కడే. ధర ఎక్కువన్న కొనుగోలుదారుకు వెళ్లిన బూతుల వాయిస్ మెసేజ్ బయటపడి రాష్ట్రాలు దాటి తిరిగింది. రోజుల్లోనే వెబ్‌సైట్ మూతపడింది. కెమెరా ముందు మొహం తెచ్చిపెట్టిన పేరును, కెమెరా లేనప్పుడు జారిన నోరు ఊడ్చుకుపోయింది. వాట్సాప్ బిజినెస్‌లో ఒకసారి రాసి దాచుకుని, అడిగిన ప్రతివాళ్లకూ అదే పంపే క్విక్ రిప్లై ఉంది. కోపం వచ్చే అవకాశమే ఇవ్వదు. ‘కిలో 900 అండీ, కొరియర్ ఖర్చు అదనం’ అని ఓపిగ్గా పంపితే అరనిమిషంలో అటునుంచి తిరుగు ప్రశ్న వస్తుంది: ‘కొరియర్ ఫ్రీయేనా?’